ఎర్ర పెన్సిల్ గీత

రెమీహియో బర్రియా కాక్‌పిట్‌లో
దీపాలన్నీ ఎర్రవి.
తెల్ల లైటు వేశానంటే చేతిమీద ఒక్కటేసేవాడు.
"కంటికి చీకటి మరగడానికి అరగంట పడుతుంది పిల్లా,
మరిచిపోవడానికి ఒక్క రెప్పపాటు."

నిజమే.
చీకట్లో చూసే చూపు కంటి నడిమధ్య ఉండదు,
చుట్టూ అంచుల్లో ఉంటుంది.
దానికి రంగులు తెలియవు. ఎరుపైతే దాదాపు ఆననే ఆనదు.
అందుకే దాన్ని కదిలించకుండా
ఎర్ర వెలుతుర్లో ముళ్ళూ అంకెలూ చదువుకోవచ్చు.

దూరాన ఒంటి పడవ దీపాన్ని సూటిగా చూస్తే
మాయమౌతుంది.
కాస్త పక్కకి చూడాలి.
"ఓరచూపు ప్రేమకి పనికొస్తుందో లేదో గానీ
గాల్లో ప్రాణం నిలబెడుతుంది" అని
పొగాకు పళ్ళతో నవ్వేవాడు.

మార్చిలో ఆయన రిటైరయ్యాడు.
విమానం నాకొచ్చింది, ఎర్ర దీపాలతో సహా,
మ్యాపులతో సహా,
వాటి మడతల్లో ఆయన సిగరెట్టు వాసనతో సహా.

ఆగస్టు. వాన ఆగింది గానీ మబ్బు లేవలేదు.
ముళ్ళబంతుల్లాంటి ఎరీసోలు ఏరడానికి దిగిన
నెల్సన్ చిగ్వాయ్,
గొట్టంలో గాలి ఆగిపోతే
నలభై మీటర్ల లోతు నుంచి ఒక్క ఉదుటున పైకొచ్చాడు.
నెత్తుట్లో బుడగలు. నడుం కింద ఏమీ లేనట్టే ఉందన్నాడు.
అతన్ని మళ్ళీ లోతుకి దింపి మెల్లగా పైకి తేగల ఇనుప గది
ప్యుయెర్తో మోంట్‌లో ఉంది.
స్ట్రెచర్ ఎక్కిస్తూ నర్సు హెర్మీనియా ఒకటే చెప్పింది:
వెయ్యడుగులు దాటకు. ఎక్కేకొద్దీ బుడగలు ఉబ్బుతాయి.

కాబట్టి కొండల మీంచి కాదు,
కొండల నడుమ, మబ్బు కింద.
ఎడమ భుజానికో దీవి, కుడి భుజానికో దీవి,
అడుగున సిరాబుడ్డిలా నీళ్ళు.
నాలుగు వందల యాభై అడుగులు.

ఒళ్ళో మ్యాపు. ఎర్ర వెలుతురు.
నీలం నల్లబడింది, ఆకుపచ్చ నల్లబడింది,
రెండు దీవుల మధ్య మాత్రం ఏమీ లేదు.
ఆ ఖాళీ నాకెందుకో నచ్చలేదు.
పగలైతే ఈ దారి ఎప్పుడూ పైపైనే దాటేదాన్ని.
జనవరిలో ఇక్కడే, ఒడ్డున,
తీగ చుట్టలు, కూలీలు, సగం లేచిన స్తంభం...
రెమీహియో ఊరుకునే మనిషి కాదే.
కొత్తది ఏది లేచినా ఆ రాత్రే మ్యాపు పరిచి
ఎర్ర పెన్సిల్‌తో

ఎర్ర పెన్సిల్.

ఎర్ర దీపం కింద ఎర్ర గీత.
పాలల్లో పాలు.

కుడికన్ను గట్టిగా మూసుకున్నాను.
టార్చికి అడ్డంగా వేళ్ళు పెట్టి
సందులోంచి రవ్వంత తెలుపు జార్చాను.
గీత లేచి నిలబడింది, ఈ దీవి నుంచి ఆ దీవికి.
పక్కన ముసలాయన కోడికెలుకుడు రాత:
నూట నలభై మీటర్లు. చెప్పకుండా వేశారు, వెధవలు.

మీటర్లు. అడుగులు.
ఆ లెక్క కట్టడానికి పట్టినంత పొడుగు క్షణం
మళ్ళీ నాకు రాలేదు.

మూడొందల అడుగులు ఎక్కాను, మబ్బులోకి.
వెనక నెల్సన్ మూలిగాడు.
తీగ కిందనుంచి పోయే ఉంటుంది.
నేను చూళ్ళేదు.

కిందికి దిగి రెండు కళ్ళూ తెరిస్తే
ఎడమ కంట్లో చిల్లపెంకంత మచ్చ,
ఎటు చూస్తే అటే వస్తోంది.
కుడికన్ను మాత్రం దాచిన చీకటిని దాచినట్టే తెచ్చింది.
అఖాతం, నురుగు, ఒక పడవ దీపం.
మిగిలిన దారంతా ఆ కంటిదే.

నెల్సన్ ఇప్పుడు కర్రతో నడుస్తాడు.
ఎరీసో తినడు.

దీపాలు మార్పించాను. తెల్లవే, నిప్పు ఆరాక బూడిదంత మసకగా.
చూడటానికి వచ్చి రెమీహియో పాత సీట్లో కూర్చున్నాడు,
హ్యాంగర్ లైట్లు ఆర్పమన్నాడు.
"దయ్యాల్లా ఉన్నాం" అన్నాడు.
తర్వాత నల్ల పెన్సిల్ అడిగాడు.

ముప్పై ఒక్క గీతలు.
నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని
ఒక్కోదాని మీదా మళ్ళీ గీస్తూ
నా వైపు సూటిగా చూడలేదు.
ఓరగా, ఒకసారి.